పొల్లు

మండిబజార్ల గడియారాలు బాగుజేసే నసీరొద్దీన్ సాబ్‌ది
ఎప్పుడు పోయినా ఒకటే మాట: కల్ ఆనా.
రేపా, నిన్ననా?
వాళ్ల బాసల రెంటికీ అదొక్కటే.

కాజీపేట లోకోషెడ్డు సెల్వమణికి కల్ అంటే రాయి.
"నీ ఓరుగల్లు మొత్తం మా మాట మీదనే నిలవడ్డది" అని నవ్వుతడు.
మొగులయ్య లొట్టి వంచుకుంట,
రాయెక్కడిది, ఇది పొద్దుగాలటి కల్లు, తాగు అంటడు.
నేను కాయితం మీద రాసి చూసిన:
పొల్లు దీస్తే, కల.

చిన్నక్క వాచీ నాలుగుంబావు కాడ ఆగి మూడు నెలలు.
నిన్న మళ్ల పోయిన. దుకాణం మూసున్నది.
పాన్‌డబ్బా పిలగాడు ఖబరస్తాన్ దిక్కు చెయ్యిజూపి
కల్, అన్నడు.
ఏ కల్ అని అడుగబోయి ఊకున్న.

షట్టర్ లోపల ఏదో ఒకటి కొట్టుకుంటున్నది.