బారల లెక్క

నా పని పడవలో కూర్చోవడం.
మార్సలీ నీళ్ళలో ఉన్నంతసేపూ
నిమిషానికి ఎన్ని బారలో లెక్కపెట్టి
మైనపుగుడ్డ అట్ట పుస్తకంలో రాయడం.
అరవై రెండు. అరవై రెండు. అరవై నాలుగు.

హాల్వసే దీవిలో జాలర్లెవరికీ ఈత రాదు.
వస్తే చావు ఆలస్యమవుతుందంతే
అనేవాడు మా నాన్న, చుక్కాని మీద చెయ్యేసి.
మార్సలీ మకాస్కిల్ చేపలు కోసే పిల్ల.
కత్తి తెగకుండా వేళ్ళకి గుడ్డపీలికలు చుట్టుకుని
నిమిషానికి యాభై హెర్రింగ్‌ల పొట్టలు చీల్చేది.
ఈత నేర్చింది నీళ్ళలో కాదు,
ఉప్పుచేపల పీపా మీద బోర్లా పడుకుని.
రేవంతా నవ్వింది. నేనూ నవ్వాను.

నిండా మునిగినవాళ్ళకి చలేమిటంటారు.
అన్నవాళ్ళు మా జలసంధిలో దిగలేదు.
ఆగస్టులో పదకొండు డిగ్రీలు,
థర్మామీటర్ తాడు పట్టుకున్నది నేనే.
గొర్రెకొవ్వు ఒంటికి పట్టించినదీ నేనే,
చంకల్లో, మెడ మడతల్లో, తొడల మధ్య.
ఆ వాసన ఇప్పటికీ నా దుప్పట్లో ఉంది.

మొదటి ఏడు జెల్లీచేపలు.
ముఖం వాచి కళ్ళు మూసుకుపోయినా
తొమ్మిది గంటలు నా గొంతు పట్టుకుని ఈదింది.
తెడ్డు చివర కట్టిన గిన్నెలో
బార్లీ గంజి అందిస్తే నోరు తెరవలేకపోయింది.

రెండో ఏడు ఒడ్డు కనిపించింది.
వంటింటి కిటికీలో దీపం, దాని వెనక కదిలే మనిషి.
అంతలో ఆటు తిరిగింది.
మూడు గంటలు అదే బండ పక్కన,
అరవై, అరవై, యాభై ఎనిమిది,
బండా కదల్లేదు, ఆమే కదల్లేదు.
పడవ తాకితే ఓటమి. ఆమె తాకలేదు.
మా నాన్నే వంగి భుజం పట్టుకున్నాడు.
ఏడాది పాటు ఆయనతో మాట్లాడలేదు మార్సలీ.
మూడో ఏడు మళ్ళీ ఆయన పడవే అడిగింది.

పదిహేడు గంటల నలభై నిమిషాలు.
అవతలి ఒడ్డున జనం లేరు, జెండా లేదు.
నాచు ఏరుకునే ముసలాయన ఒకడు
తోపుడుబండి ఆపి అడిగాడు:
"ఎక్కణ్ణించమ్మా?"
"ఇంటి నుంచి" అంది.
నిలబడబోయి కూలబడింది.

పత్రికలవాళ్ళు బరువు అడిగారు, కొలతలు అడిగారు,
మొగుడు ఒప్పుకున్నాడా అని అడిగారు.
లేని మొగుడు ఏం ఒప్పుకుంటాడు?
ఈతగాళ్ళ సంఘం కప్పు ఇచ్చింది,
సభ్యత్వం మాత్రం మగవాళ్ళకేనంది.
ఆ కప్పులో గుండీలు వేసుకునేది.

తర్వాతి వేసవి గురించి ఆమె చెప్పదు. నేను చెబుతాను.
మోర్‌కామ్‌లో గాజుతొట్టి, రోజుకి నాలుగు ఆటలు,
తళుకుల బట్టలు, టిక్కెట్టు ఆరు పెన్నీలు.
ఆరు బారలకే గోడ. తిరిగితే ఆరు బారలకే గోడ.
చూడ్డానికి వెళ్ళి, సగంలో బయటికొచ్చేశాను.

అప్పు తీరాక మళ్ళీ కత్తి పట్టింది.
ఆ తర్వాతే, ఎవరూ అడక్కుండానే,
రేవులో పిల్లల్ని పీపాల మీద బోర్లా పడుకోబెట్టింది.
జాలరి తల్లులు ముందు తిట్టారు,
తర్వాత తువ్వాళ్ళు తెచ్చి మెట్ల మీద కూర్చున్నారు.

ఇప్పుడామె భుజం చెవి దాకా లేవదు.
జడ నేను వేస్తాను. గట్టిగా లాగానని కసురుతుంది.

మొన్న గ్లాస్గో నుంచి ఒక కుర్రవాడు
రికార్డులు రాసుకుంటానని వచ్చాడు.
పుస్తకం తిరగేసి ఆగాడు:
"పద్నాలుగో గంట ఖాళీగా ఉందేం?"
పెన్సిల్ పడిపోయిందన్నాను.

పడలేదు.
చీకట్లో ఆమె బార పడుతుంటే
ఈత రాని నా చేతులు
ఒడిలోంచి లేచి, గాల్లో
ఒకటి తర్వాత ఒకటి
వాటంతటవే కదలడం మొదలెట్టాయి.
మా నాన్న చూశాడు. ఏమీ అనలేదు.
లాంతరు కాస్త తగ్గించాడు.