మూతకింది కాయితం

నర్సంపేటల పాకాల రోడ్డు మీద
మందుల దుకాణంల పదేండ్ల సంది నేను.
పదో తరగతి పాసయిన,
అందుకే సేటు కౌంటర్ల నిలబెట్టిండు.

పొద్దుగాల ఏడింటికే మిర్ప రైతులొస్తరు,
చెప్పులకు నల్లమట్టి,
కవర్ల ముడుచుకుపోయిన ఆకు.
"దీనికేదన్న మందియ్యి బిడ్డా."
ఆకును అటు తిప్పి ఇటు తిప్పి
సేటు దిక్కు చూస్త.
ఆయన కండ్లు ఏ అర మీద ఆగితే ఆ డబ్బ.
"ఎర్ర గుర్తుదియ్యి, జోరుగుంటది" అనేటోళ్ళే ఎక్కువ.
ఎరుపు జోరు కాదు, జాగ్రత్త అని
నేనెన్నడూ చెప్పలే.

పోయినేడు పూతల నల్లతామర పడ్డప్పుడు
ఇటుకాలపల్లి ఓదెమ్మ వచ్చింది.
అర్వైకి దగ్గర.
పగలు పొలంబడి,
రాత్రి మనుమరాలి రెండో తరగతి వాచకం.
డబ్బ ఇస్తే సంచిల ఏసుకోలే.
గడప కాడి వెలుగుకు తిరిగి
అక్షరాల కింద వేలు జరుపుకుంట,
సాలుల గింజలు పెట్టినట్టు:
"ప... త్తి. పత్తి.
మిర్ప ఏది బిడ్డా ఇండ్ల?"

దుకాణంల ఎనిమిది మంది.
"అన్నిటికీ పనిచేస్తదమ్మా" అన్న.
"అన్నిటికైతే అన్నీ రాస్తుండేగా."
సేటు వేలు క్యాలుకులేటర్ మీదనే ఆగింది.

"నీలి జిగురు అట్టలున్నయా?
పది చాలు. చేనంత కాదు,
రెండు సాళ్ళల్ల పెట్టి చూస్త,
ఎన్ని పడ్డయో రాసుకుంట."
లెవ్వన్న. ఏం కొనకుంటనే పోయింది.

ఆమె ఎనుక నిలబడ్డ కట్టయ్య
తన డబ్బ మళ్ళ కౌంటర్ మీద పెట్టి
"నాది గూడ చదువుర" అన్నడు.

మూత కింద మడతపెట్టిన సన్న కాయితం.
దినాం పొద్దుమీకి ఊడ్చి పారేసినయి
ఎన్ని వేలో!
నోరు ఎండుకపోతుంటె చదివిన:
మోతాదు. కోతకు ముందు ఆగాల్సిన రోజులు.
చేతులకు తొడుగులు.
మా నాయిన మోచేతి దాంక ముంచి కలిపేటోడు.
ఇప్పుడు ఆ చేతిల చాయ గ్లాసు నిలువది.

ఈ ఏడు మా దుకాణం ముంగట
నీలి అట్టలు గాలికి కొట్టుకుంటున్నయి.
ఎర్రదియ్యి అనేటోళ్ళు ఇంక ఉన్నరు.
నేను గూడ ఒక్కోసారి ఇస్తనే ఉన్న.

మొన్న అడిగిన ఓదెమ్మను,
అట్టలు పనిచేసినయా అని.
"సగం సగం" అన్నది.
నూటపేజీల నోట్‌బుక్కు తీసి చూపెట్టింది:
తారీఖు, అట్ట నంబరు, పురుగుల లెక్క,
ఏడు తలకిందులు రాసి కొట్టేసి
మళ్ళ రాసిన ఏడు.

ఈసారి కొంచెం కిందికి కడ్తదట.