ఆగిన ధర

నయీంనగర్ల జిరాక్స్ షాపు మీది రూము.
నాలుగు తిరిగే కుర్చీలు, ఒక వైట్‌బోర్డు,
మూడు వేల డౌన్‌లోడ్లు –
అండ్ల సగం మా ఇంజినీరింగు దోస్తులయే.

ఎనుమాముల మార్కెట్ల
మిర్చి ఘాటుకు తుమ్ముకుంట
ఓదెలుకు యాప్ చూపిచ్చిన:
"ఏ ఊర్ల ఎంత ధరనో ఇండ్ల ఎరుకైతది, కాకా."

ఆయన బస్తా మీద కూసొని
బొటనవేలితో అద్దం తుడిచి అడిగిండు:
"నడిరాత్రి దవఖానల పడితె
అడ్తి సేటు ఫోనెత్తుతడు.
ఇది ఎత్తుతదా?"

హైదరాబాద్ ఇన్వెస్టర్లు ఇది అడగలే.

కుర్చీలు ట్రాలీ ఆటోల ఎక్కించిన నెల
సర్వర్ కిరాయి కట్టలే.
తేజ రకం పద్దెనిమిది వేల కాడ్నే ఆగిపోయింది.

బయట పదమూడుకు పడ్డది.
ఓదెలు ఫోన్ల యాప్ ఇంకా ఉన్నది.
"ఉండనియ్, ఇండ్లనన్న మంచి ధరున్నది" అంటడు.