డెబ్బై నాలుగో నిమిషం

ముప్పై ఒక్క ఏళ్లు ఇంటింటికీ తిరిగి
గ్యాస్ మీటర్లు చదివినవాణ్ణి.
మెట్ల కింద చీకట్లో మోకాళ్ల మీద వంగి
ముల్లు ఎక్కడుంటే అక్కడే రాసుకున్నవాణ్ణి.
మా ఊరి క్లబ్బు చరిత్ర కూడా అలాగే రాశాను.
కాల్డర్‌షా రోవర్స్.
పుట్టింది చర్చి వెనక గదిలో.
మొదటి ఉతుకుకే ఎర్ర చొక్కాలు వెలిసి గులాబీ అయ్యాయట,
కొత్తవి కొనే డబ్బుల్లేక
ఆ రంగే మాకు మిగిలిపోయింది.

పంతొమ్మిదేళ్లు పట్టింది.
లైబ్రరీ నేలమాళిగలో పాత పేపర్ల కట్టలు,
వేళ్లకంటిన మసి సబ్బుకు పోయేది కాదు.
ఎవరు ఎన్ని ఆటలు, ఎన్ని గోల్స్,
ఎవరి మోకాలు ఏ శనివారం విరిగింది,
ఏ గోల్‌కీపర్ యుద్ధానికి వెళ్లి
పేరు పక్కన చిన్న శిలువ గుర్తై తిరిగొచ్చాడు
అన్నీ ఉన్నాయి. కాకిలెక్క ఒక్కటి లేదు.
మూడు వందల కాపీలు వేయిస్తే
నూట నలభై నా మంచం కిందే ఉన్నాయి.
కోళ్ల కంటే ఎక్కువగా
అవే నన్ను మోస్తున్నాయనుకుంటా.

నవంబరులో ఆమె వచ్చింది.
మైదానం గేటు పక్కన నా బల్ల, బల్ల మీద గొడుగు,
పక్కనే టీ అమ్మే కుర్రాడి డబ్బా నుంచి ఆవిరి.
అందరూ ముందు బొమ్మలు చూస్తారు.
ఆమె పుస్తకం వెనక నుంచి తెరిచింది.
పేర్ల పట్టికలో వేలు దించుకుంటూ పోయి ఆగింది.
టానర్ ఉన్నాడు. టీస్‌డేల్ ఉన్నాడు.
మధ్యలో గోరు పట్టే సందు కూడా లేదు.

"మా నాన్న" అంది. "ఈనక్ టాటర్సాల్.
నలభై తొమ్మిది ఫిబ్రవరి. ఎడమ వింగు. ఒక గోల్."

నాకు తెలుసు ఆ ఆట.
వాన, వాన మీద వాన,
అరవై రెండో నిమిషంలో గోల్.
డెబ్బై నాలుగులో బంతి బురదలో కూరుకుని
తన్నినా కదల్లేదు.
రెఫరీ ఈల వేసి అందర్నీ ఇంటికి పంపేశాడు.
ఆగిపోయిన ఆట ఆట కాదు.
అందులో గోల్ గోల్ కాదు,
ఆడినవాడు ఆడినట్టూ కాదు.
మళ్లీ ఆడించిన బుధవారం
ఈనక్ మిల్లులో పగటి షిఫ్టులో ఉన్నాడు.
ఆ తర్వాత ఎవరూ పిలవలేదు.

ఇదంతా చెప్పాను. రూలు చెప్పాను.
ముల్లు ఎక్కడుంటే అక్కడే రాయాలమ్మా, అన్నాను.
ఆమె వాదించలేదు.
"వాన పడిన ప్రతి శనివారం
పెరట్లోకి వెళ్లి మడమతో నేల నొక్కి చూసేవాడు.
'దీని మీద ఆడించొచ్చు' అనేవాడు.
అమ్మ లోపలికి రమ్మని కేకలేసేది.
పోయిన ఏడు కూడా చూశాడు."
ధర తగ్గిస్తానంటే వద్దంది.
పుస్తకం కోటు లోపల పెట్టుకుని
ఆట చూడకుండానే వెళ్లిపోయింది.

ఆ రాత్రి మంచం కింది పెట్టెలు లాగాను.
తప్పొప్పుల పట్టీ వేద్దామంటే అది తప్పు కాదాయె.
పెన్సిల్ తీశాను, ఇంకుతో రాసే హక్కు నాకు లేదు.
టానర్ పక్కన అంచులో, చిన్నగా,
టాటర్సాల్, ఈ. అని రాసి
ఆటల గడిలో సున్నా పెట్టబోయి ఆగాను.
ఒకటి పెట్టలేను.
చివరికి 74 నిమిషాలు అని రాశాను.
అది నిజం, ఏ లీగూ కొట్టేయలేనిది.
అరవయ్యో కాపీ దగ్గర చెయ్యి లాగింది,
వందో కాపీ దగ్గర అతని పేరు
నా సంతకంలా తిరిగిపోతోంది.

తెల్లవారుజామున వాన మొదలైంది.
చెప్పులతోనే పెరట్లోకి వెళ్లాను.
మడమ ఆనించి నొక్కాను.
నీళ్లు చీలమండ దాకా ఊరాయి.

లేదు, ఈనక్.
దీని మీద ఎవరూ ఆడించరు.
అయినా ఇంకోచోట,
గోడ వారగా కాస్త మెరక ఉంది,
అక్కడ కూడా నొక్కి చూశాను.