తరుగు

కళ్యాణదుర్గం శెనక్కాయల మిల్లులో
మధ్యాన్నం సంగటి తిని
మూటల మీద వెల్లకిలా పడుకోని
తిప్పేసామి ఫోను నా మొగం కాడ పెట్టినాడు:
"సూడక్కా, నూటికి తొంభై ఆరు వాపసంట.
వాళ్లే రాసినారు, కింద, సన్నక్షరాల్లో.
నాలుగు రూపాయలే గదా పొయ్యేది."

తెరలో మూడు గళ్లు గిర్రున తిరుగుతాండాయి.
నిమ్మకాయ, గంట, మల్లా నిమ్మకాయ.

నేను కాటా కాడ చీటీలు రాసేదాన్ని.
పద్దెనిమిదేండ్లుగా తరుగు కొట్టేదాన్ని.
మట్టికింత, తేమకింత, గోనెసంచికింత.
రైతు మొగం సూడకుండా నాలుగు అనే అంకె
ఎట్లా రాయాలో నాకు తెలుసు.
అంకె చిన్నదైతే సాలు, ఎవురూ కొట్లాడరు.

చీటీ తిరగేసి రాసి సూపించినా.
"నూరు కేజీల మూట తెచ్చినావనుకో.
తూకమేసి నాలుగు కేజీలు తీసుకుంటి.
మిగిలింది తీసుకోని ఇంటికి పోతే
పోయింది నాలుగే.
నువ్వు పోవు గదప్పా,
అదే మూట మల్లా కాటా మీద పెడతావు.
ఆ తొంభై ఆరులో మల్లా నూటికి నాలుగు.
మల్లా పెడతావు.
పదిహేడోసారికి మూట సగం.
యాభయ్యోసారికి పదమూడు కేజీలు.
ఆడికి గూడా నేను దొంగను కాదు,
ప్రతిసారీ నూటికి నాలుగే తీసుకుంటి.
ఒక బీడీ కాలేలోపల
బొటనేలితో ఎన్నిసార్లు తూకమేస్తావో
ఎప్పుడన్నా ఎంచినావా?"

నవ్వినాడు. "మూట మాదిరి తరగదక్కా.
పీర్ల పండగ ముందర ఒగ రాత్రి
పన్నెండు వేలు పడినాయి.
నువ్వే గదా నా సేతి గడియారం సూసి మెచ్చుకుంటివి."

నిజమే. పడినాయి.
ఆ మాటకొస్తే వాన గూడా పడింది పోయినేడు.
జిల్లాకు సరాసరి సరిపోయిందని పేపర్లో ఏసినారు.
అంతా ఒగ రాత్రే పడింది,
ఏటి అవతల, మూడూర్ల మీద,
కట్టలు తెగేదాకా.
మా కయ్యలో పూత మాడిపోయింది.
పేపరోళ్లు అబద్ధం రాయలేదు.
సరాసరిని తాగి ఏ చెట్టూ బతకదు, అంతే.
ఎన్ని చేన్ల మీద పడని వాన
నీ పన్నెండు వేలు?

"ఇంగ నాకు పడే వంతే," అంటాడు.
"నాలుగు దినాలాయ పడక."
ఈ మాట నేను ముందే ఇన్నా.
ఏడో బోరు కాడ మా నాయన అన్నాడు,
ఆరు ఎండిపోయినాయి, ఏడోదానికి తప్పదని.
ఎన్ని తూట్లు పొడిసినామో
నేలకైనా గుర్తుంటాయి, గుంతలైనా మిగిల్తాయి.
ఈ గళ్లకు ఇందాకటి తిప్పుడే గుర్తుండదు.
నీకు బాకీ పడినామని వాటికెట్లా తెలుస్తాది?

మా పక్క దుడ్డును లెక్క అంటారు.
లెక్కుందా అంటే జేబు తడుముకుంటారు.
జేబులో లెక్క పొయ్యినాకనే
తలలోకి లెక్క వస్తాది, శానామందికి.
నాకూ అట్లే వచ్చింది.
ఆ సంగతి తిప్పేసామికి చెప్పలే.
రెండేండ్ల కిందట, దుప్పటి కింద,
శబ్దం తీసేసి,
పొదుపు సంఘం కంతుకని దాసుకున్న పద్నాలుగు వేలు.
పదిహేడుసార్లకు సగమని
నేను బడిలో నేర్సుకోలే.

లారీ వచ్చింది. మేస్త్రీ కేకేసినాడు.
చీటీ మడిసి అంగీ జేబులో పెట్టుకోని
తలగుడ్డ సుట్టుకోని లేసినాడు.
మూటకు ఏడు రూపాయలు కూలి.
నూటా ఇరవై మూటలు ఎత్తినాడు ఆ పొద్దు.
మధ్యలో రెండుసార్లు నీళ్లకని పోయి
ఫోను సూసుకున్నాడు, నేను సూసినా.

సాయంత్రం పోతా పోతా కాటా కాడ నిలబడి,
"అక్కా, ఆ నాలుగు కేజీలు యాడికి పోతాయి?"
అనడిగినాడు.

నేను గోదాం పక్క సూసినా.
తలుపు ఓరగా తీసుండాది.
లోపల తరుగు కుప్ప,
ఏ రైతూ అమ్మని కాయలు,
నా ఎత్తుండాది.