పళ్ళ కోత కాగితం

బ్రిస్టల్ రేవులో గుమాస్తా
ఒకే కాగితం మీద ఒకే మాట రెండుసార్లు రాసి
నడుమ కత్తెరతో వంకరటింకరగా కోశాడు.
రంపం పళ్ళలా అంచు.
ఒక సగం నాకు, ఒక సగం కెప్టెన్‌కి.
"తగువొస్తే రెండూ ఆనించి చూస్తారు,
పన్నుకి పన్ను కలిస్తే నువ్వు నువ్వే" అన్నాడు.
థామసిన్ పెంగెల్లీ, పంతొమ్మిదేళ్లు, చదువు రాదు.
ఓడ బాడుగ కింద ఐదేళ్ల చాకిరీ.

యార్క్ నది ఒడ్డున దిగాక తెలిసింది
నన్ను తెచ్చుకున్నందుకు క్రిచ్లో దొరకి
యాభై ఎకరాల అడవి రాసిచ్చారని.
ఏ యాభయ్యో ఎవరూ చూపించలేదు.
బట్టలు ఉతుకుతూ అవతలి గట్టు చూసి అనుకునేదాన్ని
ఆ ఓక్ చెట్టు నా మోచేయి,
ఆ బురద మడుగు నా మోకాలు.
నాకంటే ముందు అక్కడ మొక్కజొన్న వేసిన వాళ్ళెవరో
తిని పారేసిన ఆల్చిప్పలు ఇంకా కుప్పగా ఉన్నాయి.
వాటి మీదుగానే కంచె వేశాం.

ఇక్కడ డబ్బు మొలుస్తుంది.
వెండి నాణెం కంటికి కనబడదు,
పాదిరి జీతం పొగాకు, పెళ్ళి రుసుం పొగాకు,
శవపేటిక చేసిన వడ్రంగికి పొగాకు,
ఆదివారం ప్రార్థనకి రాకపోతే జరిమానా
యాభై పౌన్ల పొగాకు.
ముసురు పడితే డబ్బు కుళ్ళుతుంది.
డబ్బుకి పురుగు పడితే
మేమే వంగి, ఏరి, వేళ్ళ మధ్య చిదమాలి.

నా పక్క సాలులో ఎస్పెరాన్సా.
లువాండా అవతల ఏదో ఊరు, ఆ పేరు నాకు నోరు తిరగలేదు.
తల ఎక్కడ తుంచాలో, పిలక ఎప్పుడు గిల్లాలో
ఆమే నేర్పింది,
మాటలు కలవక, నా వేలు పట్టుకుని.
ఒకే కుండలో తిన్నాం.
ఒకే గడ్డి పరుపు మీద ఒకే జ్వరానికి వణికాం.
ఆగస్టు సాయంత్రం ఆకు జిగురు పట్టిన మా చేతులు
ఒకే నలుపు.
ఇసుకతో రుద్దితే నావి తెల్లబడేవి.
దానికో ఖరీదుందని
అప్పట్లో నాకు తోచలేదు.

ఒక రాత్రి నా సగం కాగితం చూపించాను.
పళ్ళ అంచు మీద వేలు పోనిచ్చింది, మెల్లగా,
నిద్రపోతున్న కుక్క నోరు తడిమినట్టు.
"నీదెక్కడ?" అడిగాను.
"మా ఓడలో కత్తెర లేదు" అంది.

ఆ శీతాకాలం కచేరీ వాకిట కొత్త చట్టం చదివారు:
తల్లి బానిసైతే బిడ్డా బానిసే.
ఎస్పెరాన్సాకి అప్పుడు ఆరో నెల.
క్రిచ్లో దొర టోపీ చేత్తో పట్టుకుని శ్రద్ధగా విన్నాడు.
మర్నాటి నుంచి
ఆమెకి రోజూ ఒక గిన్నె పాలు పోయించాడు.
నాకు కడుపొస్తే అది నేరం, చాకిరీ పెరుగుతుంది.
ఆమెకొస్తే పంట.

నా ఐదేళ్లూ నిండాయి.
గుమాస్తా రెండు సగాలూ బల్ల మీద ఆనించాడు.
పన్నుకి పన్ను కలిసింది.
మూడు పీపాల జొన్నలు, ఒక గౌను ఇచ్చారు.
ఎస్పెరాన్సా చంకలో పిల్లతో
పొగాకు కొట్టం దగ్గర నిలబడింది.
చెయ్యి ఊపిందో, ఈగలు తోలుకుందో.

ఇప్పుడు నాకు మొగుడు, కొంచెం నేల.
నాలుగు పంటలకే సారం పోయి అదీ తెల్లబోయింది,
కొత్త అడవి కొట్టాలి.
మొన్న ఆంబ్రోస్ పొయ్యి దగ్గర బొగ్గుతో లెక్క వేశాడు.
ఐదేళ్ల మనిషికి ఇంత, మళ్ళీ ఐదేళ్లకి ఇంత.
జీవితాంతపు మనిషికి ఒక్కసారే ఇంత.
ఓడ వచ్చిందట.
చదువు రాదు గానీ ఆకు లెక్క నాకూ వచ్చు.
రెండుసార్లు సరిచూశాను.
తప్పు లేదు.

నా కాగితం పెట్టెలో ఉంది, అంచు ఎలుక కొరికేసింది.
ఇక దేనికి ఆనించినా కలవదు.
ఆంబ్రోస్ గుర్రానికి జీను వేశాడు.
దారిలో తింటాడని రొట్టె గుడ్డలో కట్టి
నేనే ఇచ్చాను.