కళ్లు మూస్తే సొరంగం

హుఫూఫ్‌కు బఖీఖ్‌కు నడుమ పట్టాల మీద
రాత్రిపూట ఇసుక వచ్చి కూసుంటది.
మేం తొమ్మిదిమందిమి పారలతోటి లేపుతం.
తెల్లారేసరికి మళ్ల అక్కడ్నే కూసుంటది
అప్పిచ్చినోని లెక్క.

మిషన్ చూసేటోడు మిలుటిన్.
గడ్డం తెల్లగ, చేతులు గ్రీసుతోటి నల్లగ.
వాని భాష మాకు రాదు, మాది వానికి రాదు.
నడుమ విరిగిన హిందీ, నలిగిన అరబ్బీ,
ఇంత సులేమానీ చాయ్.

ఒకనాడు గాలి లేసి పని ఆగింది.
మోకాళ్ల మీద కూసోని ఇసుకల
వేలుతోటి గీత గీసిండు.
ఇది బెల్‌గ్రేడ్. ఇది సముద్రం.
నడుమ పిడికెడు పిడికెడు కొండలు పోసిండు,
పుల్లతోటి వాటికి బొక్కలు పొడిసిండు.
గా ఒక్క దారిలనే
రెండొందల యాభై పైన సొరంగాలట.
నాకు నమ్మబుద్ధి కాలే.
"వల్లా" అన్నడు.
టార్చిలైటు మీద అరచెయ్యి పెట్టుడు, తీసుడు,
చీకటి, వెలుగు, చీకటి,
"గిట్ల పన్నెండు గంటలు. లేటైతె పదిహేను.
ఎప్పుడు లేటే."

ఆ రైల్ల కిటికీ అద్దం కిందికి దించొచ్చట.
సొరంగంల ఒకామె మొగనికనుకోని
ఉడకబెట్టిన గుడ్డు చేతిల పెట్టిందట,
వెలుగొచ్చేసరికి ఎదురుసీటు ముసలోని
మీసాలకు పచ్చసొన ఉన్నదట.
పోశెట్టి నవ్విన నవ్వుకు
చాయ్ ముక్కులకెల్లి వచ్చింది.

ఇంకో వంతెన ఉన్నదట,
మీదికెల్లి చూస్తే నది దారప్పోగంత.
అది దాటేదాక అందరు మాట బంజేస్తరట,
తాగినోడు సుత.
"పైసలు ఇడ్వరా?" అనడిగిన.
వానికి సమజ్ కాలే.
బాసర కాడ గోదారి మీదికి బండి రాంగనే
చీరె కొంగుల ముడులిప్పుతరని,
రూపాయి బిళ్ల ఇనుప కమ్మికి తాకి టంగుమంటే
నీళ్లకు చేరిందో లేదోనని
నిజామాబాద్ దాక గునుస్తరని
చేతులాడించి, నోటితోటి టంగుమని చెప్పిన.
మిలుటిన్ చానసేపు ఇసుక దిక్కు చూసిండు.
"మేం ఊపిరి బిగవడ్తం" అన్నడు,
"గప్పుడు మా కాడ పైసలు లేకుండె."

రెండేండ్లు గీ పట్టాల మీదనే ఉన్న,
వీటి మీద పోయే బండి ఎక్కలే.
మొన్న దమ్మాం పొమ్మన్నరు.
పార పట్టి పట్టి వేళ్ల గీతలరిగి
కార్డు మిషన్ల ముద్ర పడ్తలేదట.

బండిల చలి. అద్దాలు తెరుసుకోవు.
మా కంటైనర్, నీళ్ల డ్రమ్ము,
కంబానికి ఆరేసిన పోశెట్టి తువ్వాల,
మేం కుప్ప పోసిన ఇసుక,
ఒక దగ్గు దగ్గేంతల ఎనుకకు పోయినయ్.
దగ్గింది నేనే.

కొండలేవి?
కళ్లు మూసిన. సొరంగం.
తెరిసిన. ఎండ.
మూసిన. తెరిసిన.
ఎదుట గులాబిరంగు బూట్ల పిల్ల
నన్నే చూస్తున్నది. కొంచెంసేపాగి
అది సుత మూసుడు, తెరుసుడు మొదలుపెట్టింది.
తల్లి ఫోన్ల ఉన్నది.

ముందల మోరీ వస్తదని నాకెరుకే,
దాని నంబరుకు రంగేసింది నేను.
కింద చుక్క నీళ్లుండయి,
వానొచ్చిననాడు పారుతదట, నేను చూడలే.
అర రియాలు బిళ్ల పిడికిట్ల వట్టిన.
ఇడిసెటందుకు సందులేదు.
ఊపిరి బిగవట్టిన.
పిల్ల బుగ్గలు పూరీల లెక్క ఉబ్బిచ్చింది.
మోరీ దాటినం, అది ఇడ్వది.
ఇగ చాలని చెప్పెటందుకు
దాని మాట నాకు రాదాయె.
బుస్సుమని గాలి ఇడిసిన.
అది నవ్వితె తల్లి తలెత్తి చూసింది,
నేను కిటికీ దిక్కు తిరిగిన.

దమ్మాంల మిషన్ అద్దం మీద
పది వేళ్లు తీరుతీర్ల ఒత్తిచ్చిండ్రు.
పడలే. "బుక్రా" అన్నడు కుర్చీలున్నాయన.
బయటికొచ్చి పిడికిలి తెరిస్తె
అరచేతిల బిళ్ల అచ్చు
అంచుతో సహా సక్కగ పడ్డది.

తిరుగు బండి నాలుగింటికి.
గా దినం అది లేటు.